తెల్లబడిన హైడ్రాలిక్ ఆయిల్: నీరు ఎంత, ఏ దారిన?

సార్వా నాట్లు ముగిసే వేళకు గోదావరి, కృష్ణా డెల్టాల్లో ట్రాక్టరు మెకానిక్కులకు చేతినిండా పని ఉంటుంది. లిఫ్టు వణుకుతోందని ఒకరు వస్తారు, పంపు కూత పెడుతోందని ఇంకొకరు వస్తారు. డిప్‌స్టిక్కు తీసి చూస్తే ఆయిల్ తెల్లగా ఉంటుంది. దమ్ములో తిరిగిన బండికి ఇది మామూలేనని కొందరు వదిలేస్తారు. మరికొందరు ఉన్నది పారబోసి, కొత్త డబ్బాలు కొని పోయిస్తారు. కొన్నాళ్లకు కొత్తదీ తెల్లబడుతుంది. తెలంగాణలో చెరువుల కింద, బోర్ల కింద కరిగెట చేసే బండ్లదీ ఇదే వరస.

ఆయిల్‌లోకి నీరు చేరడం జబ్బు కాదు, జబ్బుకు గుర్తు. ఎంత నీరు చేరిందో లెక్క కడితే అది ఏ దారిన వచ్చిందో చాలావరకు తేలుతుంది. ఆ దారి మూయకుండా ఎన్నిసార్లు ఆయిల్ మార్చినా డబ్బు దండగే. ఈ అధ్యాయంలో ఆ లెక్క చూద్దాం.

ఒకే ఆయిల్, నాలుగు పనులు

నాగలిని ట్రాక్టరు వెనక మూడు చోట్ల తగిలించి, నూనె పీడనంతో ఎత్తే, దించే పద్ధతికి రూపమిచ్చినవాడు ఐర్లండు ఇంజనీరు హ్యారీ ఫెర్గూసన్. హెన్రీ ఫోర్డుతో చేయి కలిపి 1939లో ఆయన తెచ్చిన 9ఎన్ ట్రాక్టరులో, ఆ తర్వాత 1946లో వచ్చిన టీఈ20లో హైడ్రాలిక్ పంపుకు విడిగా ట్యాంకు లేదు. గేర్లు మునిగి ఉండే నూనెనే అదీ వాడుకునేది. విడి భాగాలు తగ్గాయి, బండి తేలికైంది, ధర దిగింది. మెస్సీ ఫెర్గూసన్ ట్రాక్టర్లను మన దేశంలో తయారు చేయడానికి చెన్నైలో 1960లో టాఫే కంపెనీ ఏర్పడినప్పుడు ఈ ఏర్పాటు కూడా వాటితోనే వచ్చింది.

ఇవాళ మన పొలాల్లో తిరిగే చాలా ట్రాక్టర్లలో గేర్‌బాక్సు, డిఫరెన్షియల్, లిఫ్టు, నూనెలో మునిగి పనిచేసే బ్రేకులు నాలుగూ ఒకే ఆయిల్ మీద బతుకుతాయి. మోడల్‌ను బట్టి 30 నుంచి 60 లీటర్ల దాకా పడుతుంది. కొన్ని మోడళ్లలో లిఫ్టుకు వేరే గది ఉంటుంది కాబట్టి మాన్యువల్ చూసుకోవాలి. మన లెక్కలకు 50 లీటర్లు అనుకుందాం.

ఈ నాలుగు పనులూ ఒకదానితో ఒకటి పొసగేవి కావు. గేర్లకు జారుడు కావాలి, బ్రేకులకు పట్టు కావాలి, పంపుకు తేలిగ్గా పారే ద్రవం కావాలి. అందుకే ఈ ఆయిల్‌లో రకరకాల రసాయనాలు కలుపుతారు. 1960లలో అమెరికాలో జాన్ డీర్ ట్రాక్టర్లకు వాడిన 303 రకం ఆయిల్‌లో స్పెర్మ్ తిమింగలం నూనె ఉండేది. తిమింగలాల రక్షణకు చట్టం వచ్చాక దాని స్థానంలో వేరే రసాయనాలు వెతుక్కోవలసి వచ్చింది. ఇలాంటి రసాయనాల్లో చాలావాటి అణువుకు ఒక కొస నూనెతో కలుస్తుంది, రెండో కొస లోహాన్ని అంటిపెట్టుకుంటుంది. లోహాన్ని పట్టే ఆ కొసకు నీరన్నా ఇష్టమే. కరెంటు తయారుచేసే టర్బైన్ల ఆయిల్ నీటిని త్వరగా వదిలేసేలా తయారవుతుంది. ట్రాక్టరు ఆయిల్ స్వభావం వేరు. అది నీటిబొట్లను తనలో పట్టి ఉంచుతుంది. రాత్రంతా నిలబెట్టినా తెల్లదనం పోకపోవడానికి కారణం ఇదే.

నీటికి మూడు రూపాలు

నూనెలో నీరు అసలు కరగదనుకుంటాం గానీ కొద్దిగా కరుగుతుంది. మామూలు వేడి దగ్గర హైడ్రాలిక్ ఆయిల్‌లో పది లక్షల పాళ్లకు కొన్ని వందల పాళ్ల నీరు కరిగి ఉండగలదు. పది లక్షల్లో ఒక పాలును పీపీఎం అంటారు. 50 లీటర్లలో 100 పీపీఎం అంటే 5 మిల్లీలీటర్లు, ఒక చెంచాడు. ఇలా కరిగిన నీరు కంటికి కనిపించదు. తేటగా ఉన్న ఆయిల్ పొడిగా ఉన్నట్టు కాదు.

కరిగే హద్దు దాటిన నీరు రెండో రూపం తీసుకుంటుంది. గేర్లు, పంపు కలిసి దాన్ని మైక్రాన్ల సైజు బొట్లుగా చిలుకుతాయి. తెల్లదనం వచ్చేది ఇక్కడే. నీటికీ నూనెకీ సొంతంగా తెల్లరంగు లేదు. కాంతిని వంచే గుణం నీటికి 1.33, నూనెకు దాదాపు 1.47. కాంతి ఒకదాన్నుంచి ఇంకొకదానిలోకి దాటిన ప్రతిచోటా దారి మళ్లుతుంది. కోట్ల బొట్ల మీద పడి అన్ని రంగులూ సమంగా చెదిరితే మనకు తెలుపు కనిపిస్తుంది. పాలు తెల్లగా ఉండటంలోనూ సూత్రం ఇదే. పాలలో నీటి మధ్య కొవ్వు బొట్లు తేలుతాయి, ఇక్కడ నూనె మధ్య నీటి బొట్లు తేలుతాయి.

నీరు ఇంకా ఎక్కువైతే బొట్లు ఒకదానితో ఒకటి కలిసి, బరువెక్కి, అడుగుకు దిగుతాయి. ఇది మూడో రూపం, విడి నీరు.

ఆయిల్ వేడెక్కితే నీటిని ఎక్కువగా కరిగించుకుంటుంది. అందుకే సాయంత్రం పని దిగాక తేటగా కనిపించిన ఆయిలే తెల్లారేసరికి మబ్బు పట్టినట్టు ఉండవచ్చు. పరీక్ష చేయాలనుకుంటే పొద్దున్నే, బండి స్టార్టు చేయకముందే చేయాలి.

ఒత్తిడిలో గట్టిపడేది నూనే

కొద్దిపాటి నీటితో అంత నష్టం ఎందుకు? జవాబు గేరు పళ్లు, బేరింగు రోలర్లు ఒకదానినొకటి తాకే చోట ఉంది. ఆ సన్నటి పట్టీ మీద ఒత్తిడి వాతావరణ పీడనానికి దాదాపు పది వేల రెట్ల దాకా పోతుంది. అంత ఒత్తిడిలో నూనె వింతగా ప్రవర్తిస్తుంది. దాని చిక్కదనం వేల రెట్లు పెరిగి, ఆ క్షణానికి ఘనపదార్థంలా గట్టిపడుతుంది. ఒక మైక్రాను మందం కూడా లేని ఆ పొరే రెండు ఉక్కు ముఖాలను విడిగా ఉంచుతుంది. నీటికి ఈ గుణం లేదు. ఎంత నొక్కినా దాని చిక్కదనం పెద్దగా పెరగదు. ఆ పట్టీలోకి నీటిబొట్టు వచ్చిన క్షణాన పొర పలచబడి, ఉక్కు ఉక్కును రాసుకుంటుంది.

దీనికి కొలత కూడా ఉంది. నూనెలోని నీటికీ బేరింగు ఆయుష్షుకీ ఉన్న సంబంధం మీద అమెరికాకు చెందిన ఆర్.ఇ. క్యాంట్లీ చేసిన ప్రయోగాలు 1977లో వెలువడ్డాయి. నూనెలో 100 పీపీఎం నీరు ఉన్నప్పుడు బేరింగు ఎంతకాలం నిలుస్తుందో దాన్ని ప్రమాణంగా తీసుకుంటే, 400 పీపీఎం దగ్గర ఆయుష్షు అందులో సగానికన్నా తక్కువకు పడిపోయింది. 25 పీపీఎం దగ్గర రెండు రెట్లు దాటింది. ఈ అంకెలన్నీ ఆయిల్ తెల్లబడక ముందువే. కంటికి తెలుపు కనిపించేనాటికి నష్టం ఎప్పుడో మొదలై ఉంటుంది.

మిగతా నష్టాలు ఇంకా ఉన్నాయి. రాపిడికి బయటపడిన పచ్చి ఉక్కు మీద నీటి అణువు విరిగి హైడ్రోజన్ పుడుతుంది. అది ఉక్కులోకి చొరబడి దాన్ని పెళుసుగా చేస్తుంది. బండి ఊరికే నిలబడ్డ రోజుల్లో తుప్పు పడుతుంది. ఆ తుప్పు పొడి తిరిగి ఆయిల్‌లో కలిసి గరుకు కాగితంలా పనిచేస్తుంది. అరుగుదలను ఆపడానికి కలిపే జింకు రసాయనాన్ని వేడి నీరు విరగ్గొడుతుంది. ఇనుము, రాగి రజను తోడైతే నూనె త్వరగా పులిసి ఆమ్లాలు పుడతాయి. పంపు పీల్చే వైపు పీడనం తక్కువ కాబట్టి వేడి నీరు అక్కడ ఆవిరి బుడగలై, పీడనం ఎక్కువున్న వైపు చేరగానే లోపలికి కుప్పకూలి లోహాన్ని గుంటలు చేస్తుంది. కాగితం ఫిల్టరు నానిపోయి దారి మూసుకుపోతుంది. కెనడా లాంటి చలిదేశాల్లో అయితే అడుగున చేరిన నీరు గడ్డకట్టి పంపు జల్లెడనే మూసేస్తుంది. మనకు ఆ బాధ లేదు, మిగతావన్నీ ఉన్నాయి.

ఏ దారిన వచ్చింది?

ఆయిల్ తెల్లబడితే చాలామంది మొదట అనుమానించేది రేడియేటరును. అది ఇంజను ఆయిల్ తెల్లబడినప్పుడు పడవలసిన అనుమానం. రేడియేటరులో ఆయిల్ కూలరు అమర్చిన మోడల్ అయితే తప్ప, ఇంజను నీటికి గేర్లుండే వెనక హౌసింగులోకి దారే లేదు. తర్వాత వినిపించే మాట, గాలిలో చెమ్మ. దీన్ని లెక్క కట్టి చూద్దాం.

పని అయ్యాక ఆయిల్, దాని పైనున్న గాలి చల్లబడి కుంచించుకుంటాయి. అప్పుడు గాలి పీల్చే రంధ్రం, అంటే బ్రీదర్ గుండా బయటి గాలి లోపలికి వస్తుంది. 50 లీటర్ల ఆయిల్, పైన 20 లీటర్ల ఖాళీ ఉన్న హౌసింగు 77 డిగ్రీల నుంచి 32 డిగ్రీలకు చల్లబడితే లోపలికి వచ్చే గాలి సుమారు 4 లీటర్లు. 30 డిగ్రీల దగ్గర పూర్తిగా చెమ్మెక్కిన గాలిలో ఘనపు మీటరుకు 30 గ్రాముల నీరు ఉంటుంది. అంటే రోజుకు లోపలికి చేరేది గ్రాములో ఎనిమిదో వంతు. ఆ నీరంతా లోపలే ఉండిపోయిందనుకున్నా, 100 పనిరోజులకు 12, 13 గ్రాములు. 50 లీటర్లలో అది 300 పీపీఎంకు లోపే. బేరింగు ఆయుష్షు తగ్గించడానికి ఇది చాలు. ఆయిల్‌ను పాలలా చేయడానికి మాత్రం చాలదు.

రెండో దారి గేరు రాడ్డు కింది రబ్బరు బూటు. అది చిరిగి, బండి ఆరుబయట ఉండి, 50 మిల్లీమీటర్ల వాన పడిందనుకుందాం. వంద చదరపు సెంటీమీటర్ల మేర పడిన నీరంతా లోపలికి కారితే అర లీటరు. అంటే ఒక శాతం, 10,000 పీపీఎం. ఒక్క వానకే ఆయిల్ తెల్లబడుతుంది. డిప్‌స్టిక్కు రబ్బరు రింగు పోయినా, లిఫ్టు కవరు ప్యాకింగు దెబ్బతిన్నా ఇదే జరుగుతుంది.

మూడోది వెనక ఇరుసు ఆయిల్ సీలు. దమ్ములో అసలు దారి ఇదే. సీలు పెదవి లోపలి ఆయిల్‌ను బయటికి పోనివ్వకుండా ఉండేలా తయారైంది. బయటి నీరు లోపలికి వస్తే ఆపే శక్తి దానికి తక్కువ. పైగా ఇసుక కలిసిన బురద సీలునూ, ఇరుసునూ కూడా అరగదీస్తుంది. దీనికి బ్రీదర్ తోడైతే పని చెడినట్టే. బురద కొట్టి బ్రీదర్ మూసుకుపోయిన బండి పొలంలో వేడెక్కి, అదే వేడి మీద నీటిలో నిలబడితే లోపలి గాలి కుంచించుకుంటుంది. బయటి గాలి వచ్చే దారి లేదు. లోపలి పీడనం ఎనిమిదో వంతు మేర తగ్గుతుంది. మీటరు ఎత్తుకు పైగా నీటిని లాగగల పీల్పు అది. అరిగిన సీలు సందునుంచి నీరు కారి రాదు, లోపలికి పీల్చబడుతుంది. వేడిగా ఉన్న బండిని కాలవలోకి దింపి కడిగే అలవాటు వల్ల జరిగేదీ ఇదే.

నాలుగో దారి మన కంట పడనిది, ఆయిల్ పీపా. నిలబెట్టిన పీపా మీద వాననీరు నిలుస్తుంది. రాత్రి చల్లబడినప్పుడు బిరడా మరల సందుల్లోంచి పీపా ఆ నీటిని పీల్చుకుంటుంది. కొత్తగా పోసిన ఆయిల్ మొదటి రోజే మబ్బుగా ఉంటే పీపాను అనుమానించాలి. పీపాను పడుకోబెట్టి, రెండు బిరడాలూ ఒకే మట్టంలో, ఆయిల్ కిందే ఉండేలా పెడితే ఈ బాధ ఉండదు.

ఈ అంకెల వల్ల ఉపయోగం ఏమిటంటే, డిప్‌స్టిక్కు మీద మట్టం మారకుండా కొద్దిగా మబ్బు పట్టిందంటే చిన్న దారి. మట్టం ఫుల్ గీత దాటి పెరిగిందంటే లీటర్ల లెక్కన నీరు వచ్చింది, పెద్ద దారి ఏదో తెరుచుకుని ఉంది. పోయకుండానే మట్టం పెరగడాన్ని లాభంగా చూడకూడదు.

సీసా పరీక్ష, పెనం పరీక్ష

తెల్లదనం గాలి బుడగల వల్ల కూడా వస్తుంది. తేల్చడానికి శుభ్రమైన గాజు సీసా చాలు. ఆయిల్ పట్టి కదపకుండా పెట్టండి. గాలి అయితే కొద్దిసేపట్లో బుడగలు పైకి చేరి, అడుగునుంచి తేటపడుతూ వస్తుంది. అలాంటప్పుడు పంపు పీల్చే వైపు లీకు వెతకాలి. రాత్రంతా ఉంచినా తెల్లగానే ఉంటే, లేదా అడుగున నీరు చేరితే, అది నీరే.

మెకానిక్కులకు తెలిసిన ఇంకో పరీక్ష వేడి పెనం. దాదాపు 150 డిగ్రీల దగ్గర ఇనప రేకు మీద రెండు చుక్కలు వేస్తే, నీరు ఉన్న ఆయిల్ చిటపటలాడుతుంది. సుమారు 500 నుంచి 1,000 పీపీఎం దాటిన నీటినే ఇది పట్టగలదు. మొహం దూరంగా పెట్టి, కళ్లజోడుతో, చుక్కల్లోనే చేయాలి. చిటపటలాడలేదంటే నీరు లేదని అర్థం కాదు, చాలా ఎక్కువ లేదని మాత్రమే.

అంతకన్నా సూక్ష్మంగా తెలియాలంటే ల్యాబు పరీక్షే. జర్మన్ రసాయన శాస్త్రవేత్త కార్ల్ ఫిషర్ 1935లో ప్రకటించిన పద్ధతి ఈనాటికీ ప్రమాణం. నీరు ఎంత ఉంటే అంత అయొడిన్ ఖర్చవుతుంది. ఖర్చైన అయొడిన్‌ను కొలిస్తే నీరు పీపీఎంలలో తేలుతుంది.

కాచి ఆరబెట్టవద్దు

ఆయిల్ ఖరీదు చూసి, తీసిన దాన్ని పీపాలో పోసి కింద మంట పెట్టి కాచేవాళ్లున్నారు. ఇది ప్రాణాంతకం. విడి నీరు అడుగున, మంటకు దగ్గరగా ఉంటుంది. లీటరు నీరు ఆవిరైతే దాదాపు 1,700 లీటర్ల జాగా కావాలి. పైనున్న ఆయిల్‌ను ఎగదన్నుకుంటూ ఆ ఆవిరి ఒక్కసారి బయటపడితే, కాగుతున్న నూనె మంట మీదా, మనిషి మీదా పడుతుంది. ప్రాణం దక్కినా ఆయిల్ దక్కదు. అంత వేడికి పులిసి, రసాయనాలు పోగొట్టుకున్న ఆయిల్ మళ్లీ గేర్లకు పనికిరాదు.

కర్మాగారాలు చేసేది వేరు. గాలిని తోడేసి పీడనాన్ని పదో వంతుకు దించితే నీరు 46 డిగ్రీలకే మరుగుతుంది, నూనె చెడకుండా ఆవిరి పోతుంది. టర్బైన్ల, ట్రాన్స్‌ఫార్మర్ల ఆయిల్‌ను ఇలాంటి యంత్రాలతో ఆరబెడతారు. పిల్లల డైపర్లలో వాడే పాలిమరు నింపిన ఫిల్టర్లు కూడా ఉన్నాయి. అవి విడి నీటిని, బొట్లను పీల్చుకుంటాయి గానీ కరిగిన నీటిని వదిలేస్తాయి. ఒక ట్రాక్టరులోని 50 లీటర్ల కోసం ఈ యంత్రాలు గిట్టుబాటు కావు. రసాయనాలు దెబ్బతిన్న ఆయిల్‌కు అవి తిరిగి రసాయనాలను ఇవ్వలేవు కూడా. తెల్లగా అయిన ట్రాక్టరు ఆయిల్‌ను మార్చడమే దారి.

మిగిలిపోయిన దాని లెక్క

మార్చడంలోనూ ఒక మెలిక ఉంది. డ్రెయిన్ ప్లగ్గు తీస్తే మొత్తం దిగదు. ఇరుసు గొట్టాల్లో, లిఫ్టు సిలిండరులో, పైపుల్లో, మూలల్లో కొంత ఉండిపోతుంది. ఆయిల్‌లో పది శాతం నీరు ఉందనీ, తీసినప్పుడల్లా పదో వంతు మిగిలిపోతుందనీ అనుకుందాం. మొదటి మార్పు తర్వాత నీరు ఒక శాతం, అంటే 10,000 పీపీఎం. కొత్త ఆయిల్ వెంటనే తెల్లబడుతుంది. రెండో మార్పుతో 1,000కి, మూడో మార్పుతో 100కి దిగుతుంది. దారి పూర్తిగా మూసినా ఒక్క మార్పుతో ఆయిల్ తేటపడకపోవడానికి కారణం ఇదే.

మిగిలేది పదో వంతు కాకుండా ఇరవయ్యో వంతే అయితే? మొదటి మార్పుకు 5,000, రెండో మార్పుకే 250 పీపీఎం. అడుగున మిగిలిన రెండున్నర లీటర్లను ఓపిగ్గా దించుకుంటే ఒక మార్పుకు పట్టే ఆయిల్ ఖర్చు మిగులుతుందన్నమాట. అందుకు వరస ఇది. ముందు బండిని రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున్నే ప్లగ్గు కొద్దిగా వదులు చేసి అడుగున దిగిన విడి నీటిని వదలాలి. ఆ తర్వాత ఆయిల్ పారేంత వరకు మాత్రమే బండిని వేడెక్కించి, లిఫ్టు చేతులు పూర్తిగా కిందికి దించి సిలిండరు ఖాళీ చేయాలి. గేర్‌బాక్సుకు, ఇరుసుకు వేరువేరుగా ఉన్న ప్లగ్గులన్నీ తీయాలి. బోదె మీద ఒక వైపు ఒరిగి నిలబడ్డ బండి ఆయిల్ పూర్తిగా దిగదు, సమంగా నిలపాలి. పంపు జల్లెడ కడగాలి, ఫిల్టరు కొత్తది వేయాలి. కడగడానికి డీజిలు, కిరోసిను పోయకూడదు. మూలల్లో మిగిలిన డీజిలు కొత్త ఆయిల్‌ను పలచన చేస్తుంది. అదే రకం ఆయిల్ పోసి, బరువు లేకుండా నడిపి, లిఫ్టును పలుమార్లు ఎత్తి దించి, మళ్లీ సీసా పరీక్ష చేయాలి. రెండో సీసా తేటపడే దాకా పని అయినట్టు కాదు.

తీసిన ఆయిల్‌ను బోదెలోనో కాలవలోనో వదలకండి. 2016 నాటి నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. డబ్బాలో పట్టి, అనుమతి ఉన్న రీసైక్లింగు వాళ్లకు చేర్చాలి.

దమ్ముకు ముందు చూడవలసినవి

ఈ తంతు అంతా తప్పించుకోవడానికి అయ్యే ఖర్చు ఆయిల్ ధరతో పోలిస్తే చాలా తక్కువ. దమ్ము చక్రాలు తగిలించే ముందే ఇరుసు సీళ్లు చూపించండి. ఇరుసు మీద సీలు కూర్చునే చోట గాడి పడి ఉంటే కొత్త సీలు ఒక్కటే వేసి లాభం లేదు, ఆ గాడినీ సరిచేయించండి. బ్రీదర్ విప్పి కడిగి, ఊదితే గాలి పోతోందో లేదో చూడండి. గేరు రాడ్డు బూటు, డిప్‌స్టిక్కు రింగు మార్చండి. పని దిగిన బండిని చల్లబడనిచ్చి కడగండి. దమ్ము రోజుల్లో ప్రతి ఉదయం స్టార్టు చేసేముందు డిప్‌స్టిక్కు రంగు, మట్టం రెండూ చూడండి. వీటిలో అన్నిటికన్నా చవకైనది బ్రీదర్ కడగడం. దానికి పైసా ఖర్చు లేదు, ఈ సీజనులో అక్కడే మొదలుపెట్టండి.